మూత తీసిన డబ్బా మీద తేదీ రాయండి

బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా నుంచి ఏ సందులోకి తిరిగినా రేకుల షెడ్లే. లేతు మిషన్లు తిరిగే షెడ్డు, వెల్డింగు షెడ్డు, వాటి పక్కనే బండ్లు బాగుచేసే షెడ్డు. ఆ బండ్ల షెడ్డులో గోడకు కొట్టిన చెక్క అరలను ఒకసారి చూడండి. ఇంజన్ ఆయిల్ డబ్బాలు, గ్రీజు డబ్బా, సగం వాడిన కూలెంటు, వీటి మధ్య మూత వంకరగా కూర్చున్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఒకటి. దాన్ని ఎవరు తీశారో, ఏ బండికి తీశారో, ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తుండదు. కానీ రేపు పొద్దున ఒక బండి వచ్చి "అన్నా, బ్రేక్ ఆయిల్ కొంచెం తగ్గింది" అంటే చెయ్యి నేరుగా ఆ డబ్బా మీదికే పోతుంది.

నేను చెప్పాలనుకున్నది ఆ డబ్బా గురించే. షెడ్డులో పని నేర్చుకుంటున్న పిల్లల కోసం, షెడ్డు నడిపే వాళ్ల కోసం, కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీకి రాత్రీ పగలూ ఉద్యోగులను చేరవేసే క్యాబ్ డ్రైవర్ల కోసం రాస్తున్నాను.

చిక్కు పేరులోనే మొదలవుతుంది. బ్రేక్ ఆయిల్ అని అందరం అంటాం, నేనూ అంటాను. కానీ అది నూనె కాదు. మన కార్లలో, ఆటోల్లో, డిస్క్ బ్రేకు ఉన్న మోటార్ సైకిళ్లలో పోసే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలన్నీ గ్లైకాల్ జాతి ద్రవాలు. నూనె నీళ్లను దగ్గరికి రానివ్వదు. ఇది నీళ్లను పిలిచి మరీ కలుపుకుంటుంది. ముసురు పట్టిన రోజుల్లో వంటింట్లో ఉప్పు జాడీ మూత సరిగా పెట్టకపోతే ఏమవుతుంది? ఉప్పు చెమ్మగిల్లి ముద్దవుతుంది. బ్రేక్ ఆయిల్‌ది కూడా అదే గుణం. ఉప్పుకు పట్టిన చెమ్మ కంటికి కనిపిస్తుంది, దీనికి పట్టిన చెమ్మ కనిపించదు. తేడా అంతే.

కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజే ఒక పని చేయిస్తాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్, రెండోదాంట్లో నాలుగు చుక్కల బ్రేక్ ఆయిల్ వేయమంటాను. ఇంజన్ ఆయిల్ పైన తేలుతుంది. బ్రేక్ ఆయిల్ చక్కెర పాకంలా తీగలు తీగలుగా కిందికి దిగి, కలిపితే మాయమైపోతుంది. ఒక గంట పాఠం చెప్పినా ఎక్కనిది ఆ గ్లాసు చూస్తే ఎక్కుతుంది. ఆ తర్వాత ఆ గ్లాసులను ఎవరూ తాగడానికి వాడకుండా పక్కన పడేయాలి, గ్లైకాల్ విషం.

నీళ్లు కలుపుకునే ద్రవాన్ని బ్రేకుల్లో ఎందుకు పెట్టారని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. బ్రేకు పైపుల్లోకి, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చెమ్మ చేరుతూనే ఉంటుంది. ద్రవం దాన్ని కలుపుకోకపోతే ఆ నీళ్లు చుక్కలుగా విడిపడి కింద ఉన్న క్యాలిపర్‌లో చేరతాయి. అక్కడే తుప్పు పట్టిస్తాయి, అక్కడే మరుగుతాయి. మొత్తం ద్రవంలో పలచగా కలిసిపోవడం దానికంటే మేలు. కాబట్టి ఈ గుణం లోపం కాదు. బండిలో ఉన్నంతకాలం అది మనకు చేసే సాయం. డబ్బాలో ఉన్నప్పుడు మాత్రం ఆ గుణాన్ని మనమే కాపలా కాయాలి.

డబ్బా మీద రాసే డాట్ అన్న మాట అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం. వాళ్ల నిబంధనల ప్రకారం డాట్ 3 ద్రవం కొత్తగా, పొడిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230, డాట్ 5.1 అయితే 260. అదే ద్రవం సుమారు 3.7 శాతం నీళ్లు తాగాక ఆ హద్దులు 140, 155, 180 డిగ్రీలకు పడిపోతాయి. డాట్ 3కి 205 ఎక్కడ, 140 ఎక్కడ! ఇంకో మాట గుర్తుంచుకోండి. ఈ పడిపోవడం మొదట్లోనే నిటారుగా ఉంటుంది. మొదటి ఒకటి రెండు శాతం నీళ్లు చేసే నష్టం తర్వాతి శాతాలు చేసే నష్టంకంటే ఎక్కువ. అందుకే "కొంచెమే కదా చెమ్మ" అనడానికి వీల్లేదు.

మరిగితే ఏమవుతుంది? ద్రవాన్ని నొక్కితే అది నలగదు, పెడల్ మీద మన కాలి బలాన్ని అలాగే చక్రం దగ్గరికి మోస్తుంది. ఆవిరి మాత్రం నలుగుతుంది. పైపులో ఆవిరి బుడగ పుట్టిందంటే డ్రైవర్ తొక్కిన తొక్కుడంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది. పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. చల్లబడ్డాక ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ మామూలుగా వస్తుంది. బండిని షెడ్డుకు తెస్తే "బ్రేకులు బాగానే ఉన్నాయి కదా" అని పంపేస్తాం. ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదం ఇదే, వైద్యుడి దగ్గరికి వచ్చేసరికి జ్వరం ఉండదు.

మన ప్రాంతం సంగతి ఇక్కడ కలుస్తుంది. బాలానగర్ నుంచి మూసాపేట, కూకట్‌పల్లి, హైటెక్ సిటీ దారిలో బండి ఎంత ఆగి ఆగి నడిచినా వేగం తక్కువ కాబట్టి ద్రవం 140 డిగ్రీలకు చేరడం అరుదు. చెమ్మ తాగిన బ్రేక్ ఆయిల్ ఈ రోడ్ల మీద నెలల తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా పనిచేస్తుంది. అదే క్యాబ్ శుక్రవారం రాత్రి ఆఫీసు డ్యూటీ ముగించి, తెల్లారి ఏడుగురిని ఎక్కించుకుని శ్రీశైలం బయలుదేరుతుంది. మన్ననూరు దాటి నల్లమల అడవిలో పడ్డాక, దోమలపెంట, ఈగలపెంట దాటి పాతాళగంగ వైపు దిగే మలుపుల్లో నిండు బరువుతో పెడల్ మీద కాలు తీయకుండా దిగుతారు. డిస్కులు, డ్రమ్ములు కాలిపోతుంటాయి. ఆ వేడి క్యాలిపర్‌లోకి, వీల్ సిలిండర్‌లోకి ఎక్కుతుంది. దిగుడు మధ్యలో ఫోటోల కోసం ఆపితే చల్లబడుతుందనుకుంటాం. కానీ గాలి తగలడం ఆగగానే డిస్కులో ఉన్న వేడి కాసేపు ద్రవంలోకి ఇంకా ఎక్కుతుంది. మళ్లీ కదిలిన మొదటి మలుపులో పెడల్ మెత్తబడేది అందుకే. షెడ్డులో మనం చేసిన తప్పుకు సాక్ష్యం మన షెడ్డులో దొరకదు. రెండువందల కిలోమీటర్ల అవతల, మనకు తెలియని కుటుంబం ముందు అది బయటపడుతుంది. గేరు తగ్గించి ఇంజన్ బలంతో దిగమని డ్రైవర్లకు చెప్పడం కూడా మన పనే, అది ఎంత మంచి ద్రవం పోసినా చెప్పాల్సిన మాట.

ఇప్పుడు అసలు ప్రశ్న: మూత తీసిన డబ్బా ఎన్నాళ్లు పనికొస్తుంది? సీలు తీయని డబ్బాకు కంపెనీ గడువు ముద్రిస్తుంది. సీలు తీసిన క్షణం నుంచి ఆ గడువును నమ్ముకోకూడదు. తీసిన తర్వాత ఎంతకాలం అన్నదానికి అందరికీ ఒకటే లెక్క లేదు. వెంటనే వాడెయ్యమని కొన్ని కంపెనీలు చెబుతాయి, గట్టిగా మూస్తే కొన్ని నెలలు ఉంచుకోవచ్చని కొందరు చెబుతారు. ఒక్కసారి మూత తీస్తే డబ్బా మొత్తం విషమైనట్టేనని భయపెట్టే వాళ్లూ ఉన్నారు. ఈ చివరి మాటను నమ్మేముందు నేను లెక్క వేసి చూశాను, మీరూ వేసి చూడండి.

అర లీటరు డబ్బాలో సగం వాడామనుకుందాం. పైన పావు లీటరు గాలి చేరింది. ముప్పై డిగ్రీల వేడిలో పూర్తిగా తడిసిన గాలి కూడా ఒక ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటినే మోస్తుంది. ఆ లెక్కన పావు లీటరు గాలిలో ఉన్నది గ్రాములో వందో వంతు కూడా కాదు. మిగిలిన పావు లీటరు ద్రవంలో 3.7 శాతం నీళ్లు చేరాలంటే తొమ్మిది గ్రాములకు పైగా కావాలి. అంటే మూత తీసి పెట్టినప్పుడల్లా లోపల చిక్కే గాలి ద్రవాన్ని ఆ స్థితికి తేవాలంటే మూతను వెయ్యిసార్లకు పైగా తీసి పెట్టాలి. కాబట్టి మూత తీయడం దొంగ కాదు.

దొంగలు వేరే ఉన్నారు. తడి గరాటు మొదటి దొంగ. కడిగి ఆరబెట్టకుండా పెట్టిన గరాటు నుంచి ఒక చెంచాడు నీళ్లు, అంటే అయిదు మిల్లీలీటర్లు, ఆ పావు లీటరులో పడ్డాయంటే రెండు శాతం అక్కడికక్కడే కలిసిపోయినట్టు. ఏడాదంతా గాలి చేయలేని పని ఒక్క గరాటు ఒక్క నిమిషంలో చేస్తుంది. మూత బిగించకపోవడం రెండో దొంగ. పైపుల్లోని గాలిని, పాత ద్రవాన్ని బయటికి తీసే బ్లీడింగు చేసేటప్పుడు ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు నిపుల్ దగ్గర ఉంటారు, డబ్బా రెండు గంటలు నోరు తెరుచుకుని నేల మీదే ఉంటుంది. పక్కనే ఇంకొకడు బండి కడుగుతుంటాడు. ఆ తర్వాత మరలో ఇసుక రేణువు ఇరుక్కున్న మూతను అలా తిప్పి వదిలేస్తాం. బిగిసిందనుకుంటాం, బిగియదు.

మూడో దొంగను ఎవరూ అనుమానించరు. అది మన రేకుల కప్పు. మధ్యాహ్నం రేకుల కింద డబ్బా వేడెక్కితే లోపలి గాలి ఉబ్బి, వదులు మూత గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పీల్చేది చెమ్మగాలే. మూత వదులైతే డబ్బా మనిషిలాగే ఊపిరి తీస్తుంది, రోజుకు ఒక ఊపిరి. మనం ముట్టుకోకపోయినా సరే. గట్టిగా మూసిన డబ్బాకు ఈ జబ్బు లేదు. ప్లాస్టిక్ గోడల గుండా కూడా చాలా నెమ్మదిగా చెమ్మ దిగుతుంది, అందుకే మిగిలింది దాచాలంటే లోహపు డబ్బా మేలు. చల్లగా ఉంటుందని ఫ్రిజ్‌లో పెట్టిన వాళ్లను కూడా చూశాను. వద్దు. చల్లని డబ్బాను బయటికి తీసి మూత విప్పితే చల్లని నీళ్ల గ్లాసుకు పట్టినట్టే దానికీ నీటి బిందువులు పడతాయి. పైగా తిండి ఉండే చోట విషం ఉండకూడదు.

ఇదంతా చూశాక నేను పెట్టుకున్న నియమం ఇది. డబ్బా మీద కంపెనీ రాసినది ఉంటే మొదట దానికే కట్టుబడాలి. రాయనప్పుడు, అదే డబ్బాలో గట్టిగా మూసి పొడి చోట పెట్టినది ఎండాకాలంలో నెల రోజులు, వానాకాలంలో రెండు వారాలు. ఆ తర్వాత అది బ్రేకులోకి వెళ్లదు. ప్రయోగశాలలో పరీక్షిస్తే ఇంకా కొన్నాళ్లు పనికొస్తుందని తేలవచ్చు, తేలనివ్వండి. మన షెడ్డులో ప్రయోగశాల లేదు. మొన్న మూత ఎవరు పెట్టారో, ఎలా పెట్టారో చెప్పే సాక్షి కూడా లేడు. నా నియమంలో ఉన్న జాగ్రత్త అంతా ద్రవం మీద అపనమ్మకంతో కాదు, మన మతిమరుపును లెక్కలో వేసుకుని పెట్టినది.

మరి నెల అయిందని ఎలా తెలుస్తుంది? అందుకే తేదీ. సీలు తీసిన చేత్తోనే, ద్రవం పోయకముందే, చెరగని మార్కర్‌తో డబ్బా పొట్ట మీద తీసిన రోజు, తీసినవాడి పేరులో మొదటి అక్షరం రాయాలి. మూత మీద రాయకండి, మూతలు మారిపోతాయి. మార్కర్‌ను అరకు దారంతో కట్టేయండి, లేకపోతే వారంలో జేబులు మారుతుంది. తేదీ లేని డబ్బా ఎంత నిండుగా ఉన్నా, ఎంత తెల్లగా మెరుస్తున్నా, పాతదే అనుకోవాలి. రంగు చూసి చెప్పగలనని చాలామంది ఉస్తాదులు అంటారు. నల్లబడితే మురికి, రబ్బరు అరుగుదల కలిశాయని తెలుస్తుంది, అంతే. తేటగా ఉన్న ద్రవంలో మూడు శాతం నీళ్లు ఉన్నా కంటికి ఆనవు. పెన్ను ఆకారంలో దొరికే చిన్న టెస్టర్లు విద్యుత్తు ఎంత పారుతుందో చూసి అంచనా చెబుతాయి, సూచనగా వాడుకోవచ్చు. ద్రవాన్ని నిజంగా వేడిచేసి మరిగే స్థానం చూపే యంత్రం ఉంటే దాని మాట నమ్మవచ్చు.

బాలానగర్‌కు ఇలాంటి పద్ధతి కొత్త కాదు. 1968 నుంచి ఇక్కడే ఉన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో, చుట్టుపక్కల టూల్ రూముల్లో పనిచేసినవాళ్లను అడగండి. కొలతకు వాడే స్లిప్ గేజిని ఒట్టి చేత్తో పట్టుకుని అలాగే వదిలేస్తే చెమట తడికి మచ్చ పడుతుందని, పని కాగానే తుడిచి పెట్టెలో దాని గదిలోనే పెట్టాలని వాళ్లకు మొదటి వారమే నేర్పుతారు. మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. మందును చల్లని చోట, పొడి చోట ఎందుకు ఉంచాలో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంత జాగ్రత్త తెలిసిన ఊళ్లో, మనిషి ప్రాణం మోసే డబ్బా ఒక్కటి మూత వదులుగా ఉండటం నాకు బాధగా ఉంటుంది.

చెమ్మ ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదం చెప్పాలి. ఇది నా తప్పు, నేను పనిలో కొత్తగా ఉన్నప్పటిది. షెడ్డు పేరు వద్దు. అరలో తాగునీళ్ల ప్లాస్టిక్ సీసాలో లేత పసుపు ద్రవం ఉంది. బ్రేక్ ఆయిలే అనుకుని ఏడు సీట్ల క్యాబ్‌లో పోశాను. అది పక్క లేతు షెడ్డు నుంచి ఎవరో తెచ్చిపెట్టుకున్న హైడ్రాలిక్ ఆయిల్, నిజమైన నూనె. బ్రేకుల్లో ఉండే రబ్బర్లు గ్లైకాల్‌ను తట్టుకుంటాయి, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతాయి. కొద్ది రోజుల్లో డ్రైవర్ తిరిగి వచ్చాడు, చక్రాలు పట్టేస్తున్నాయి, కాలిన వాసన వస్తోంది అన్నాడు. ఉస్తాద్ మాస్టర్ సిలిండర్ డబ్బా మూత విప్పాడు. మూత కింది రబ్బరు ఉబ్బి సాగిపోయి మళ్లీ లోపల కూర్చోలేదు. ఆయనకు అది చాలు, నా వైపు చూసి "ఏ సీసాలోంచి పోశావురా?" అన్నాడు. మాస్టర్ సిలిండర్ రబ్బర్లు, వీల్ సిలిండర్ కిట్లు, క్యాలిపర్ సీళ్లు, గొట్టాలు, అన్నీ మార్చి, పైపులన్నీ కడిగాం. ఆ డ్రైవర్ మూడు రోజులు డ్యూటీ పోగొట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మూడు రోజులూ షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని పని చూస్తూ ఉన్నాడు. ఇప్పటికీ తాగునీళ్ల సీసాలో ఏ ద్రవం కనిపించినా నాకు ఆ స్టూలే గుర్తొస్తుంది.

కాబట్టి బ్రేక్ ఆయిల్ అది వచ్చిన డబ్బాలోనే ఉండాలి. ఇంకో సీసాలోకి మార్చకూడదు, ఖాళీ డబ్బాలో ఇంకేదీ పోయకూడదు. అమెరికా నిబంధన డబ్బా మీద ఇదే హెచ్చరిక ముద్రించాలని కంపెనీలకు చెబుతుంది. ఇంజన్ ఆయిళ్ల అరలో కాక దానికి వేరే అర, వేరే గరాటు, వేరే గుడ్డ ఉండాలి. దారాలు ఊడే కాటన్ వేస్టు అసలు వద్దు, ఒక్క దారం, గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏ.బి.ఎస్. వాల్వులో చిక్కితే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు, 125 సీసీ దాటిన కొత్త మోటార్ సైకిళ్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. దాని వాల్వుల్లోని సన్నని దారుల్లో తుప్పుకూ మురికికీ చోటు లేదు. బ్లీడింగులో బయటికి వచ్చిన ద్రవాన్ని, ఎంత తేటగా ఉన్నా, తిరిగి డబ్బాలో పోయడం మాత్రం క్షమించరాని పని.

డబ్బు సంగతికి వద్దాం, ఎందుకంటే పాత డబ్బా అరలో మిగలడానికి కారణం అజ్ఞానం కంటే పొదుపే. షెడ్డు నడిపేవాళ్లకు నా సలహా ఇది: లీటరు డబ్బా కొంటే మిల్లీలీటరు చవక అనే లెక్క వదలండి. పావు లీటరు, అర లీటరు డబ్బాలు కొనండి. కారు మొత్తం మార్చాలంటే అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది, మోటార్ సైకిల్‌కు చిన్న డబ్బా చాలు. వారంలో బ్రేక్ ఆయిల్ మార్చాల్సిన బండ్లను ఒకే రోజుకు రమ్మని చెబితే తీసిన డబ్బా ఆ సాయంత్రానికే ఖాళీ అవుతుంది. రాణిగంజ్ నుంచి సామాను తెప్పించేటప్పుడు తయారీ తేదీ చూడండి, దుమ్ము పట్టి నొక్కులు పడ్డ డబ్బా తక్కువకు ఇస్తానన్నా వద్దనండి. డాట్ గుర్తుతో పాటు భారత ప్రమాణం ఐఎస్ 8654 ఉందో లేదో చూడండి. డాట్ 5 అని ఒంటిగా రాసి ఉంటే అది సిలికాన్ ద్రవం, ఊదా రంగులో ఉంటుంది, డాట్ 5.1 కి చుట్టం కాదు. మిగతా రకాలతో ఎప్పుడూ కలపకూడదు.

పని నేర్చుకునే కుర్రాడి కష్టం వేరు. పాత డబ్బా పోయమని ఉస్తాదే చెబితే ఎదురు చెప్పడం ఎలా? ఎదురు చెప్పనక్కర్లేదు, అడిగితే చాలు. "ఉస్తాద్, దీని మీద తేదీ లేదు. కొత్తది తెప్పించనా?" అనండి. తప్పు మనిషి మీద కాక డబ్బా మీద పడుతుంది. అయినా "పోయ్, ఏం కాదు" అంటే, "ఈ బండి శ్రీశైలం పోతుందంట ఉస్తాద్" అని ఒక్క మాట కలపండి. నేను చూసినంతలో ఆ మాట విన్నాక కూడా పాతది పోయించిన ఉస్తాద్ లేడు. సేటు ఖర్చు గురించి అంటే, సగం డబ్బా ధరను ఆ రోజు షెడ్డులో తాగిన చాయ్‌ల ఖర్చు పక్కన పెట్టి చూపండి. ఒక రబ్బరు కిట్టు ధరను కూడా పక్కనే పెట్టండి.

ఇక డ్రైవర్లకు. షెడ్డులో మిగిలిన సగం డబ్బాను "డబ్బులిచ్చాను కదా" అని డిక్కీలో వేసుకుని పోతారు. మే నెల ఎండలో పార్కింగు చేసిన బండి డిక్కీ కంటే చెడ్డ చోటు ఆ డబ్బాకు ఇంకోటి లేదు. ఏడాది తర్వాత అదే తీసి పోయమంటారు. పోయించకండి. "అన్నా, సీలు నా ముందు తియ్యి" అని అడగండి, మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు. ద్రవం మట్టం తగ్గితే వెంటనే నింపించకండి, ముందు లైనర్లు, ప్యాడ్లు చూపించుకోండి. ప్యాడ్లు అరిగితే మట్టం దానంతటదే కొంత దిగుతుంది. అప్పుడు నింపి, తర్వాత కొత్త ప్యాడ్లు వేస్తే పిస్టన్లు వెనక్కి పోయి ద్రవం పొంగుతుంది, పెయింటు మీద పడితే ఊడదీస్తుంది. పడితే తుడిచి ఊరుకోక నీళ్లతో కడగండి. ప్యాడ్లు బాగుండీ మట్టం తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టు, నింపుకుంటూ పోవడం మందు కాదు. చాలా కంపెనీలు రెండేళ్లకో మూడేళ్లకో మొత్తం మార్చమంటాయి, మీ బండి పుస్తకంలో చూసుకోండి. కరెంటు క్యాబ్ నడిపేవాళ్లు మాకు ఇది లేదనుకుంటున్నారు. మోటారే వేగం తగ్గిస్తుంది కాబట్టి ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయి, నిజమే. కానీ ద్రవం కిలోమీటర్లతో కాదు, రోజులతో ముసలిదవుతుంది. పెద్ద బస్సులు, లారీలు గాలి బ్రేకులతో నడుస్తాయి కాబట్టి వాటి బ్రేకులకు ఈ బాధ లేదు. క్లచ్‌లో ఇదే ద్రవం ఉన్నవాటికి జాగ్రత్త మామూలే.

గడువు దాటినదాన్ని, బ్లీడింగులో తీసినదాన్ని ఏం చేయాలి? షెడ్డు ముందు కాలువలో పోయకండి. మన కాలువలు కూకట్‌పల్లి నాలాలో కలుస్తాయి, ఆ నాలా హుస్సేన్‌సాగర్‌కు పోతుంది. దశాబ్దాలుగా ఫ్యాక్టరీల మురికి మోసిన ఆ నీళ్లకు మన వంతు కలపాల్సిన పని లేదు. వాడిన ఇంజన్ ఆయిల్ పీపాలో కూడా కలపకండి. దాన్ని శుద్ధి చేసేవాళ్లకు ఈ గ్లైకాల్ మొత్తం పీపాను పాడుచేస్తుంది. మూత ఉన్న వేరే క్యాను పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో 'వాడిన బ్రేక్ ఆయిల్, విషం' అని రాసి, పిల్లలకు, కుక్కలకు అందని ఎత్తులో ఉంచండి. నిండాక ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు అప్పగించండి. ఖాళీ అయిన డబ్బాలను అలాగే తుక్కువాడికి వేయకండి. మేకుతో అడుగున రెండు బొక్కలు పొడిచి, లేబులు గీసేసి వేయండి. సీలు దగ్గర సొట్ట లేని ఖాళీ డబ్బా నకిలీ సరుకు నింపేవాళ్లకు బాగా పనికొస్తుంది, అది మళ్లీ ఏ షెడ్డు అరలోకి వస్తుందో చెప్పలేం.